ఏడుగురి బుచ్చిరాములు

ఆదివారం పొద్దున బుచ్చిరాములు వేసుకున్న పథకం చాలా చిన్నది. గడ్డం గీయించుకోవాలి, గుజరాతీ చిరుతిళ్లమ్మే ఫర్సాణ్ దుకాణంలో ఖమణ్ కట్టించుకోవాలి, పాల ప్యాకెట్లు రెండు ఎక్కువ తేవాలి, సాయంత్రం నాలుగింటికల్లా ఇస్త్రీ చొక్కా తొడుక్కుని పెద్దమనిషిలా నవ్వుతూ కూర్చోవాలి. కూతురు సంతోషిని చూసుకోవడానికి ఊరవతల ఉన్న జోల్వా నుంచి పెళ్లివారు వస్తున్నారు. సూరత్‌లోని ఉధ్నా మరమగ్గాల చప్పుడులో సగం వినికిడి పోగొట్టుకున్న మనిషికి ఇంతకన్నా ప్రశాంతమైన ఆదివారం దొరకదు. ఆ ప్రశాంతత అతను పళ్లు తోముకుంటున్నంత సేపు ఉంది.

"బాపూ, వాళ్లు మనల్ని అన్ని తీర్ల చూసుకొనే వస్తున్నరు," అంది సంతోషి, తన చీర ఇస్త్రీ చేసుకుంటూ.

"ఇంక రానే లేదు గదనే. ఎట్ల చూసుకున్నరు?"

"ఫోన్‌ల. ఇప్పుడు ఎవలైనా పహెలే ఫోన్‌లనే చూస్తరు. నా ఇన్‌స్టా చూసిండ్రు, నా లైవ్‌లు చూసిండ్రు. పిలగాని మమ్మీకి మస్తు నచ్చినయట."

సంతోషి బట్టల మార్కెట్లో ఒక సేఠ్ దుకాణంలో ఫోను ముందు నిలబడి తెలుగువాళ్లకు చీరలు అమ్ముతుంది. సేఠ్‌కు తెలుగు రాదు, కొనేవాళ్లకు గుజరాతీ రాదు, మధ్యలో సంతోషి నోరు ఆడుతూ ఉంటుంది. అమ్మకాలు బాగున్నాయి గాని, ఆ నోరు వల్లే రెండు సంబంధాలు వెనక్కి పోయాయి. పిల్ల పొద్దస్తమానం ఫోన్లో ముఖం చూపిస్తుందని ఒకరు, ఊరందరితో "అక్కా, అన్నా" అంటూ మాట్లాడుతుందని ఒకరు వద్దన్నారు. జోల్వా వాళ్లు ఒక్కరే, పని చేసుకునే పిల్ల అయితే ఇంకా మంచిదన్నారు.

"బాపూ," అంది సంతోషి గొంతు తగ్గించి. "నాకు ఆ పిలగాడు నచ్చిండు. మేము ఒకసారి డుమస్ బీచ్‌ల కలిసినం. అమ్మకు చెప్పకు. మంచిగ మాట్లాడతడు, నేను మాట్లాడితే వింటడు. జర నువ్వు పరేషాన్ గాకుండ మంచిగ ఉండు. ఈ సంబంధం గూడ పోతే నేను ఇంక ఎవల ముంగట కూసోను."

కూతురు ఇలా ఏదైనా అడగడం బుచ్చిరాములుకు కొత్త. "ఎందుకు పోతదే? నేనున్న గదా," అన్నాడు నురగ నోటితో.

"నువ్వున్నవనే భయం. వాళ్లు నీది గూడ చూస్తరు కావచ్చు. నీకు ఫేస్‌బుక్ లేదు గదా?"

లేదు అనబోయి బుచ్చిరాములు ఆగిపోయాడు. నోట్లో బ్రష్షు అలాగే ఉండిపోయింది.

ఉంది. సరిగ్గా చెప్పాలంటే అతనికి ఏడోవంతు ఉంది.

పదమూడేళ్ల కిందటి మాట. అప్పట్లో భార్య వెంకటవ్వ పిల్లలతో సొంత ఊళ్లో ఉండేది, బుచ్చిరాములు ఉధ్నాలో ఒక గదిలో ఉండేవాడు. గది ఒకటి, మనుషులు ఏడుగురు. పగటి షిఫ్టు వాళ్లు లేచిన పరుపుల మీద రాత్రి షిఫ్టు వాళ్లు వచ్చి వాలేవారు కాబట్టి ఆ పరుపులు ఎన్నడూ చల్లారి ఎరగవు. స్టవ్వు ఉమ్మడి, అద్దం ఉమ్మడి, పెళ్లిళ్లకు తొడుక్కునే మంచి చొక్కా ఉమ్మడి. అందరూ చందా వేసుకుని ఫోను కొన్నప్పుడు అదీ ఉమ్మడే అయింది. అందులో తెరిచిన ఫేస్‌బుక్ అకౌంటూ ఉమ్మడే అయింది. ఒక్కొక్కరికి ఒక్కో అకౌంటు ఉండాలన్న ఆలోచన ఆ గదిలో ఎవరికీ రాలేదు. గది మొత్తానికి ఒక కుళాయి సరిపోతున్నప్పుడు ఒక ఫేస్‌బుక్ సరిపోదా?

పేరు ఎవరిది పెట్టాలన్న దగ్గర కొంత చర్చ జరిగింది. ఫోటో కావాలట. పనికొచ్చే ఫోటో బుచ్చిరాములు ఒక్కడి దగ్గరే ఉంది, బ్యాంకులో ఇవ్వగా మిగిలింది. అలా ఏడుగురు మనుషులు బుచ్చిరాములు ముఖంతో లోకానికి పరిచయమయ్యారు. పరుశురాం తన భార్య ఫోటో పెట్టి "నా బంగారం" అని రాశాడు. గణపతి తన భార్య ఫోటో పెట్టి "నా ప్రాణం" అని రాశాడు. ఓంప్రకాష్ తన భార్యను "మా ఇంటి మహాలక్ష్మి" అన్నాడు. గణపతికి కవలలు పుట్టిన నెలలోనే ఓంప్రకాష్‌కు కొడుకు పుట్టాడు. రెండు శుభవార్తలూ బుచ్చిరాములు పేరు మీదే బయటికి వెళ్లాయి. ఎవరిది ఏదో గదిలో వాళ్లకు తెలుసు, లోకానికి కూడా తెలుసనే అనుకున్నారు.

అంతవరకైతే ఎలాగో సర్ది చెప్పుకోవచ్చు. కాని సంగీత ఉంది.

సంగీత సూరత్‌లోనే కాలేజీ చదువుతున్న తెలుగమ్మాయి. ముఖం ఉండాల్సిన చోట గులాబీ పువ్వు ఉండేది. ఒకరోజు తనంతట తానే స్నేహం కోరి వచ్చింది. గది గదంతా ఉలిక్కిపడి ఒప్పుకుంది. ఆమె ఫేస్‌బుక్‌లో వీళ్ల గోడ మీద ఒక మాట రాస్తే, దాని కింద ఏ షిఫ్టు వాళ్లు ఆ షిఫ్టులో జవాబు రాసేవారు. గోడ మీద రాస్తే ఊరంతా చదువుతుందని, గుట్టుగా రాసుకునే చోటు వేరే ఉందని అప్పట్లో ఎవరికీ తెలియదు. ఏడాది పాటు ఏడుగురు మగవాళ్లు ఒకే పేరుతో ఒకే అమ్మాయికి మనసు విప్పి చెప్పుకున్నారు. ఆ తర్వాత ఒక్కొక్కరూ సంసారాలు తెచ్చుకున్నారు, గది చెదిరింది, ఫోను నీళ్ల డ్రమ్ములో పడి చచ్చింది. ఫోనుతో పాటు అకౌంటూ చచ్చిందని బుచ్చిరాములు ఇన్నేళ్లూ నిశ్చింతగా ఉన్నాడు.

"ఏంది బాపూ, గట్ల నిలబడ్డవు?"

"ఏం లేదు. ఖమణ్ తెస్త," అని మూతి కడుక్కోకుండానే బయటపడ్డాడు.

ఖమణ్ దుకాణం కుడివైపు. బుచ్చిరాములు ఎడమవైపు పరుగెత్తాడు. అటువైపు గణపతికి ఫోన్లు బాగుచేసే దుకాణం ఉంది. ఆనాటి గదిలో ఫోను గురించి అంతో ఇంతో తెలిసినవాడు అతనే.

"గణపతీ, మన పాత ఫేస్‌బుక్ ఉన్నదా, పోయిందా?"

గణపతి వేలితో నాలుగుసార్లు తుడిచి ఫోను ముందుకు పెట్టాడు. నల్ల మీసం, నూనె పెట్టి దువ్విన జుట్టు, బ్యాంకు ఫోటోలోని భయం చెక్కు చెదరకుండా బుచ్చిరాములు తననే చూస్తున్నాడు. కింద వరుసగా ముగ్గురు భార్యలు, ముగ్గురు పసిపిల్లలు. ఇంకా కిందికి పోతే గులాబీ పువ్వు.

"అన్నీ ఉన్నయన్నా. ఇది ఎటు పోదు."

"అప్పుడు ఎవలన్న చూస్తరని రాసినమారా? మనకు మనం రాసుకున్నం. సాయంత్రం పెండ్లోళ్లు వస్తున్నరు, ఇది చూస్తే నన్ను ఏమనుకుంటరు? ముగ్గురు పెండ్లాలు, మీదికెళ్లి ఒక కాలేజీ పిల్ల. తీసెయ్, జల్ది తీసెయ్."

అదృష్టం ఏమిటంటే పాస్‌వర్డ్ గణపతికి గుర్తుంది. ఏడుగురూ మరిచిపోకుండా ఉండాలని అప్పట్లో దాన్ని గది తలుపు మీద సుద్దముక్కతో రాసి పెట్టేవారు. నంబరు కూడా గణపతి పేరు మీదిదే, ఇంకా వాడుకలోనే ఉంది. తలుపు తెరుచుకుంది. గణపతి అన్నిటికన్నా ముందు తన భార్య ఫోటో తీసేశాడు. తర్వాత తన కవలలను తీసేశాడు. అప్పుడు పగిలిన ఫోను పట్టుకుని ఒకావిడ వచ్చింది.

"ఒక్క నిమిషమన్నా. దేన్ని ముట్టకు," అని గణపతి అటు తిరిగాడు.

బుచ్చిరాములు దేన్నీ ముట్టుకోకుండా ఉండాలనే అనుకున్నాడు. కాని ఇంకా ఇద్దరు భార్యలు మిగిలి ఉన్నారు, గోడ మీది గడియారం ఆగడం లేదు. గణపతి ఫోనులో అంతా గుజరాతీయే. షాపుల బోర్డులు కూడబలుక్కుని చదివేంత గుజరాతీ మాత్రమే బుచ్చిరాములుకు వచ్చు. ఒక చోట లగ్నం, అంటే పెళ్లి, అన్న మాట కనబడింది. దాన్ని నొక్కితే ఒక పెద్ద వరుస తెరుచుకుంది. తనకు ఇన్ని లగ్నాలు లేవని చెప్పుకోవడానికి ఫేస్‌బుక్ తనకొక దారి ఇచ్చిందని అతనికి సంతోషమైంది. వరుసలో అన్నిటికన్నా గట్టిగా కాదన్నట్టు కనిపించిన మాటను ఎంచుకుని, కింద నీలం గడిని కూడా నొక్కాడు.

గణపతి వచ్చి చూసేసరికి లోకానికి వార్త వెళ్లిపోయింది. బుచ్చిరాములు భార్యతో విడిపోయాడట.

"అయ్యో అన్నా, ఏం చేసినవే?"

"నాకు ఇంతమంది లేరని చెప్పిన."

"ఒక్కతె గూడ లేదని చెప్పినవు."

వెనక్కి తిప్పబోతే ఫోను మొరాయించింది. ఇన్నేళ్ల తర్వాత ఎవరో కొత్తగా వచ్చి అన్నీ మారుస్తున్నారని దానికి అనుమానం వచ్చిందట. అకౌంటుకు తాళం పడింది, రేపటిదాకా ఎవరూ లోపలికి పోలేరు. బయటి నుంచి మాత్రం ఎవరైనా చూడొచ్చు. చూస్తూనే ఉన్నారు కూడా. ఊళ్లో ఉన్న బుచ్చిరాములు ఈడు మనుషులందరూ అందులోనే ఉన్నారు. కుర్రకారు ఫేస్‌బుక్ వదిలేసి వేరే చోటికి పోయి చాలాకాలమైంది, ఇప్పుడు అక్కడ మిగిలినవాళ్లంతా మోకాళ్ల నొప్పుల వాళ్లు. వాళ్లకు తీరిక ఎక్కువ, జాలి ఇంకా ఎక్కువ. "అయ్యో తమ్మీ", "ఈ వయసుల ఏందిరా ఇది", "పిల్ల పెండ్లి ఎట్ల" అంటూ కింద ఒకదాని తర్వాత ఒకటి దిగుతున్నాయి. ఒకరైతే చేతులు జోడించిన బొమ్మ పెట్టారు.

పెళ్లివారి ఈడువాళ్లు కూడా ఇందులోనే ఉంటారు కదా. జోల్వా ఎంత దూరం గనక.

"పరుశురాంను పిలుద్దాం," అన్నాడు. "ఆ బంగారం వాని పెండ్లామే అని వాడు వచ్చి ఒక్క మాట చెప్తే చాలు. పెద్దమనిషి, అందరు నమ్ముతరు."

పరుశురాం ఇప్పుడు నిజంగానే పెద్దమనిషి. సూరత్‌లోని తమ సమాజానికి నాయకుడు. ఆరు వందల మంది ఉన్న వాట్సాప్ గ్రూపుకు అతనే యజమాని. ప్రతిరోజూ సూర్యుడి బొమ్మతో శుభోదయం చెప్పి, ఫోన్ల వల్ల యువత ఎలా చెడిపోతున్నదో నాలుగు పేరాలు రాస్తాడు. ఫోను స్పీకరులో పెట్టి సంగతి చెప్పారు.

"నేను ఫేస్‌బుక్‌ల ఎన్నడు లేను," అన్నాడు సభలో మాట్లాడే గొంతుతో. పక్కన భార్య ఉన్నట్టుంది.

"గట్లంటవేందిరా? సంగీతకు గంత పొడుగు..."

ఫోను కట్ అయింది.

బుచ్చిరాములు ఖమణ్ కట్టించుకుని, గడ్డం సంగతి పూర్తిగా మరిచిపోయి ఇల్లు చేరాడు. వెంకటవ్వ ఉల్లిగడ్డలు కోస్తోంది. ఊరి నుంచి ఆమె తల్లి కొమురవ్వ ఫోన్ చేసి అప్పుడే పెట్టేసిందని గడపలోనే సంతోషి చెప్పింది. కొమురవ్వ ఏడ్చిందట. అల్లుడు మంచోడని ఇన్నేళ్లు అందరితో కొట్లాడి చెప్పానే అందట.

"నేను ఏం చేయలేదే. ఫోన్ల వేలు తప్పిపోయింది," అన్నాడు బుచ్చిరాములు.

వెంకటవ్వ తల ఎత్తలేదు. కత్తిపీట మీద ఉల్లిగడ్డ మాత్రం మునుపటికన్నా సన్నగా తెగుతోంది. ఆమె తిట్టి ఉంటే అతనికి కొంత ధైర్యం వచ్చేది.

"బాపూ, నాకు అంతా తెల్వదు, ఇప్పుడు అడగను గూడ," అంది సంతోషి. కళ్లు ఎర్రగా ఉన్నాయి. "వాళ్లు వచ్చినంక నువ్వు నమస్తే అను, చాయ్ తాగు. ఇంక దేనికీ నోరు తెరవకు. చాలు."

"తెరవను బిడ్డా. ఒట్టు."

మూడున్నరకు గణపతి వచ్చాడు. తోడుగా ఉందామని వచ్చానన్నాడు గాని, తన కవలల సంగతి నలుగురిలో బయటపడకుండా చూసుకోవడానికే వచ్చాడని బుచ్చిరాములుకు అర్థమైంది. అతని వెనకే పరుశురాం దిగాడు. తెల్ల బట్టలు, నుదుట బొట్టు. పిలవకుండా వచ్చినందుకు ఏమీ అనుకోవద్దని, సమాజంలో ఏ శుభకార్యమైనా తాను ఉండాలని చెప్పి, బుచ్చిరాములు పక్కనే మోచేయి తగిలేంత దగ్గరగా కూర్చున్నాడు.

"నా పేరు ఎత్తినవంటే చూడు," అన్నాడు చెవిలో.

పెళ్లివారు నాలుగింటికే వచ్చారు. తండ్రి ముత్యం జోల్వాలో ఒక మరమగ్గాల కార్ఖానాలో సూపర్‌వైజరు. పెద్ద మీసం, తక్కువ మాట. తల్లి పోశమ్మ చలాకీ మనిషి, వస్తూనే వంటింట్లోకి తొంగి చూసి వెంకటవ్వను పలకరించింది. పిలగాడు వరప్రసాద్ బుద్ధిగా ఒక మూల కూర్చున్నాడు. సంతోషి చాయ్ తెచ్చి ఇచ్చి తల్లి పక్కకు పోయి నిలబడింది. అంతా సవ్యంగానే ఉంది, ఒక్క ముత్యం తప్ప. అతను మాటిమాటికీ జేబులోంచి ఫోను తీసి చూస్తున్నాడు, మళ్లీ పెడుతున్నాడు, ఒకసారి బుచ్చిరాములు వైపు చూసి దీర్ఘంగా నిట్టూర్చాడు కూడా.

చూశాడు, అనుకున్నాడు బుచ్చిరాములు. అంతా చూశాడు. మర్యాదకు ఊరుకున్నాడు. చాయ్ తాగి లేచిపోయి, బస్సులో భార్యకు చెప్తాడు. మూడో సంబంధం కూడా పోతుంది, అదీ తన వల్ల. సంతోషి గడపలో నిలబడి చీర కొంగు వేలికి చుట్టుకుంటోంది. ముత్యం మూడోసారి ఫోను తీసేసరికి ఒట్టు సంగతి బుచ్చిరాములుకు గుర్తు లేకుండా పోయింది.

"బావా, ఆ ఇద్దరు నా పెండ్లాలు కారు," అన్నాడు.

పోశమ్మ చేతిలో చాయ్ గ్లాసు నోటి దాకా వచ్చి ఆగింది.

"ఏ ఇద్దరు?" అన్నాడు ముత్యం.

"ఫేస్‌బుక్‌ల ఉన్నోళ్లు. నువ్వు ఇందాకటి నుంచి చూస్తున్నవు గదా."

"నేను వాన చూస్తున్న బావా. జోల్వల వాన పడుతదంటున్నరు, మిద్దె మీద బట్టలు ఆరేసి వచ్చినం."

"అంకుల్, ఫేస్‌బుక్ ఇప్పుడు ఎవలు చూస్తున్నరు?" అన్నాడు వరప్రసాద్ మెల్లగా, అతన్ని ఓదార్చడానికే. "నేను నా ఫోన్‌ల నుంచి తీసేసి ఏడాది అయితుంది."

సంతోషి కళ్లు మూసుకుంది. పరుశురాం మోచేయి బుచ్చిరాములు డొక్కలో దిగింది. అక్కడితో ఆగితే పోయేది. కాని పోశమ్మ గ్లాసు కింద పెట్టింది.

"ఏం పెండ్లాలన్నా? చూపియ్యి, మేము గూడ చూస్తం. పిల్లను ఇచ్చి పుచ్చుకునే కాడ దాపరికం ఎందుకు?"

గణపతి ఫోను ఇవ్వక తప్పలేదు. పోశమ్మ కళ్లజోడు పెట్టుకుంది. "నా బంగారం" దగ్గర ఆగి తల ఎత్తి చూసింది. బుచ్చిరాములు గది సంగతి మొదటి నుంచి చెప్పాడు, ఏడుగురు, ఒక ఫోను, ఒక ఫోటో, షిఫ్టులు, పొద్దున తప్పిన వేలు. చెప్పుకుంటూ పోయి పరుశురాం వైపు చూశాడు. అందరూ అటే చూశారు. పరుశురాం చొక్కా కాలరు సర్దుకున్నాడు.

"ఆమె మా ఆమెనే," అన్నాడు నేల చూస్తూ. "పెండ్లయిన కొత్తల."

"మరి మహాలక్ష్మి?"

"ఓంప్రకాష్ భార్య, అక్కా. వాడు ఇప్పుడు ఊర్ల ఉన్నడు," అన్నాడు గణపతి. తన భార్య సంగతి అతను చెప్పలేదు, ఎవరూ అడగలేదు.

పోశమ్మ నవ్వింది. బుచ్చిరాములుకు పోయిన ప్రాణం కొంత తిరిగి వచ్చింది. "మీ మొగోళ్లకు బుద్ధి లేదు గాని, ఇందుల తప్పేమున్నది," అంటూ ఆమె వేలితో ఇంకా కిందికి తోసింది. తోసి ఆగింది.

"గీ సంగీత ఎవలు?"

బుచ్చిరాములు చెవుల్లో మగ్గాలు మోగాయి. వంటింటి గడపలోకి వెంకటవ్వ కూడా వచ్చింది. ముత్యానికి చాయ్ పొలమారి దగ్గు తెర వచ్చింది.

"కాలేజీ పిల్ల," అన్నాడు బుచ్చిరాములు. అబద్ధం చెప్పడానికి కూడా శక్తి లేదు. "అందరం రాసినం. ఏ షిఫ్టోడు ఆ షిఫ్ట్‌ల రాసిండు."

పోశమ్మ పైకే చదవడం మొదలుపెట్టింది. ఆమె కూడబలుక్కుని చదువుతుంటే ఒక్కొక్క మాటా ఇల్లంతా వినబడుతోంది. "ప్రియమైన సంగీతకు. నీ గులాబీ పువ్వు చూసిన కాడి నుంచి నాకు నిద్ర పడుతలేదు. నువ్వు లేకుంటే నేను తాప్తి నదిల దుంకుత." ఇది పరుశురాందని గణపతికి, బుచ్చిరాములుకు తెలుసు. పరుశురాం నుదుటి బొట్టు చెమటకు కారుతోంది. "సంగీత జవాబు రాసింది. దుంకకు. నాకు గూడ నిద్ర లేదు. కరెంటు పోయి సాంచాలు ఆగినయి."

"కాలేజీల మగ్గాలు ఎందుకున్నయి?" అంది సంతోషి.

ఆ ప్రశ్న ఏడాది పొడుగునా ఆ గదిలో ఒక్కరికీ రాలేదు.

"బస్సు టైమయింది," అన్నాడు ముత్యం, లేచి నిలబడి. "బట్టలు తడుస్తయి. పోదాం లే."

అంతా అయిపోయింది, ఈ లేవడం మళ్లీ రావడానికి కాదు అనుకున్నాడు బుచ్చిరాములు. కూతురి ముఖం చూసే ధైర్యం లేక గోడ వైపు చూశాడు.

"బస్సులు మస్తున్నయి, కూసో," అంది పోశమ్మ ఫోను నుంచి కళ్లు తీయకుండా. సంగీత పేరు మీద వేలు పెట్టింది. ఆ పిల్ల సొంత గోడ తెరుచుకుంది. గులాబీ పువ్వు, ఇంకో గులాబీ పువ్వు, డుమస్ సముద్రం. ఆ కింద ఒక బడి పిల్లవాడు, నెత్తికి నూనె, చేతిలో సర్టిఫికెట్. ఫోటో కింద రాసి ఉన్నది పోశమ్మ చదివింది. "నా కొడుకు. క్లాసుల ఫస్టు వచ్చిండు."

దాని కింద బుచ్చిరాములు పేరుతో ఎవరో జవాబు కూడా రాశారు: "మీ తమ్మునికి శుభాకాంక్షలు." ప్రేమలో ఉన్నవాళ్లు ఏదీ పూర్తిగా చదవరు.

వరప్రసాద్ తల్లి భుజం మీదుగా వంగి చూశాడు. చాలాసేపు చూశాడు.

"మమ్మీ, ఇది నేనే గదా," అన్నాడు.

పోశమ్మ కళ్లజోడు తీసింది, తుడిచింది, మళ్లీ పెట్టుకుని భర్త వైపు తిరిగింది. అంత మీసం ఉన్న మనిషి అంత చిన్నగా అయిపోవడం బుచ్చిరాములు ఎన్నడూ చూడలేదు.

"మాది గూడ ఒక్క గదే ఉండె గదనే," అన్నాడు ముత్యం, నిలబడ్డవాడు నిలబడ్డట్టే. "జోల్వల మేము ఐదుగురం, ఒక్క ఫోను. మా దగ్గర ఫోటో లేకుంటే పువ్వు పెట్టినం. ఆడపేరుంటే జల్ది దోస్తులైతరని ఎవడో చెప్పిండు. ఊకనే మాట్లాడుకుందామని పెట్టినం. నేను పిలగాని ఫోటో పెట్టుకున్న, అంతే. ఎవలికీ అన్యాలం చేయలే."

"దుంకకు అని రాసింది ఎవలు?" అని అడిగాడు పరుశురాం. అతను అడగకుండా ఉండలేకపోయాడు.

"నేనే," అన్నాడు ముత్యం. "నిజంగ దుంకుతవేమోనని భయమైంది."

పరుశురాం లేచి, పక్కకు జరిగి, తాను కూర్చున్న చోటే ముత్యాన్ని కూర్చోబెట్టాడు.

అప్పుడు పోశమ్మ మాట్లాడింది. "బుచ్చిరాములన్నా, ఇప్పుడు నీ ఇజ్జత్, మా ఇజ్జత్ ఒక్క తాననే ఉన్నయి. ఈ సంబంధం తప్పిపోతే రెండూ బజార్ల పడతయి. పిల్ల మాకు ముందే నచ్చింది. మంచి రోజు చూడుండ్రి."

బుచ్చిరాములుకు ఏడుపొచ్చింది. గడపలో సంతోషి, మూలన వరప్రసాద్ ఒకరినొకరు చూసుకుని నవ్వు ఆపుకోలేక అవస్థ పడుతున్నారు. గణపతి తన ఫోను తాను లాక్కుని ఖమణ్ గిన్నె అందరి ముందుకూ తోశాడు.

"అన్నా, ఒక్కటి అడుగుత," అంది వెంకటవ్వ. పొద్దున్నుంచి బుచ్చిరాములు విన్న ఆమె మొదటి మాట అది. అడిగింది ముత్యాన్ని. "మా ఆయన గూడ రాసిండట గదా. ఏం రాసేటోడో నీకు యాదికున్నదా?"

ముత్యం గొంతు సవరించుకున్నాడు. దాచడానికి ఇంకేమీ మిగల్లేదు కాబట్టి తేలికపడ్డట్టున్నాడు. "అవతల ఒక్కడు కాదు, మస్తుమంది ఉన్నరని మాకు జల్దినే ఎరుకైంది చెల్లె. రాసేదాన్ని బట్టి తెలుస్తుండె. ఒకడు పాటలు రాసేటోడు. ఒకడు ఏడ్చేటోడు." పరుశురాం ఖమణ్ ముక్క నోట్లో పెట్టుకున్నాడు. "ఇంకొకడు పొద్దుగాల, రాత్రి షిఫ్టు దిగినంక రాసేటోడు. వేరే ముచ్చటే లేకపోతుండె. అన్నం తిన్నవా, పానం మంచిగున్నదా, గంతే. ఒక్కరోజు గూడ తప్పకపోతుండె. మాకు గూడ మంచిగనిపిస్తుండె, అడిగేటోళ్లు ఎవలున్నరు గప్పుడు."

"అప్పుడు రాత్రి షిఫ్టు మా ఆయనదే," అంది వెంకటవ్వ.

బుచ్చిరాములు అవునన్నట్టు తల ఊపాడు, వెంకటవ్వ ముత్యంతోనే చెప్పుకుంటూ పోయింది.

"నేను ఊర్ల ఉన్న గప్పుడు, ఇద్దరు పిల్లలతోని. వారానికోసారి ఫోన్ చేసేటోడు. పిల్లలు బడికి పోతున్నరా, వాన పడ్డదా అని అడిగేటోడు. నేను తిన్ననా అని ఒక్కనాడు అడగలే." ఆమె భర్త వైపు తిరిగింది, గొంతులో కోపం లేదు. "నువ్వు పాటలు రాసినా ఊకుందునయ్యా."

ఆ మాటకు పోశమ్మ కూడా తల దించుకుంది. బుచ్చిరాములుకు సిగ్గేసింది, పొద్దున్నుంచి పడ్డ సిగ్గు దీని ముందు ఎందుకూ కొరగాదనిపించింది. సంతోషి తల్లి చేయి పట్టుకుంది. వెంకటవ్వ ఆ చేయి విడిపించుకుని, పెళ్లివారికి అన్నం పెట్టాలి కదా అంటూ వంటింట్లోకి వెళ్లిపోయింది.

పెళ్లి వచ్చే నెలకు ఖాయమైంది. ఆ మర్నాటి నుంచి బుచ్చిరాములు షిఫ్టు దిగి ఇంటికి రాగానే చెప్పులు విడవకముందే, "అన్నం తిన్నవానే, పానం మంచిగున్నదా," అని భార్యను అడుగుతున్నాడు. ఒక్కరోజు కూడా తప్పడం లేదు. వెంకటవ్వ వింటున్నది గాని, ఇంతవరకు రిప్లై ఇవ్వలేదు.